ఏది అసలైనది?

చదువు పనిమీద బ్రిటన్‌లో ఉన్నప్పుడు, కార్న్‌వాల్‌లో ఒక సాయంత్రం స్నేహితులతో పబ్బుకి వెళ్లాను. 1992లో దూబగుంట ఆడవాళ్లు లేవదీసిన సారా వ్యతిరేక ఉద్యమం గురించి వింటూ పెరిగినదాన్ని. మద్యం గురించి మురిపెంగా రాయలేను. కానీ పక్క బల్ల దగ్గర విన్న ఒక మాట నన్ను ఇప్పటికీ వదల్లేదు. "మన చిన్న బ్రూవరీలు కూడా లాగర్ తయారు చేయడమేమిటి? అది మనది కాదు" అన్నాడొక పెద్దాయన.

ఆయన కోపానికి చరిత్ర ఉంది. 1960లలో పెద్ద కంపెనీలు చిన్న బ్రూవరీలను కొనేసి, దేశమంతా ఒకే రుచి పంచాయి. పబ్బు నేలమాళిగలో, పీపాలో ఇంకా పులుస్తూ ఉండే ఏల్‌ను కాపాడుకోవాలని 1971లో 'కామ్రా' ఉద్యమం పుట్టింది. ఆ పోరాటం తప్పని నేననను.

కానీ 'మనది' అన్నమాట ఎక్కడినుంచి మొదలవుతుంది? మధ్యయుగాల ఇంగ్లండులో ఏల్ తయారీ చాలావరకు ఇంటి ఆడవాళ్ల పని. ఆ పని చేసే స్త్రీని 'బ్రూస్టర్' అనేవారు. 1400 ప్రాంతంలో సముద్రం అవతలినుంచి హాప్స్ కలిపిన బీరు వచ్చింది. అది ఎక్కువకాలం నిలవుంటుంది, దూరాలకు పంపొచ్చు. దాంతో పెట్టుబడి పెరిగింది, పెట్టుబడి ఉన్న మగవాళ్ల చేతుల్లోకి వృత్తి జారిపోయింది. జుడిత్ బెనెట్ 1996 నాటి పుస్తకంలో ఈ క్రమాన్ని వివరంగా రాశారు. ఈనాడు సంప్రదాయమనుకుంటున్న ఏల్‌లోనూ హాప్స్ ఉన్నాయి. ఆ పెద్దాయన చేతిలోని గ్లాసు కూడా ఒకప్పటి పరాయిదే.

సెయింట్ ఆస్టెల్ బ్రూవరీ 1851లో మొదలైంది. స్థాపకుడి కూతురు హెస్టర్ పార్నెల్ 1916 నుంచి 1939లో చనిపోయేదాకా దాన్ని నడిపింది. ఏల్‌కి పేరుపడ్డ ఆ సంస్థే ఇప్పుడు సొంతంగా లాగర్ తయారు చేసి పబ్బులకు పంపుతోంది. పేరు 'కోరెవ్'. కార్నిష్ భాషలో బీరు అని అర్థం. జర్మన్ పేరు అరువు తెచ్చుకోలేదు. లాగర్ అంటే జర్మన్‌లో నిలవ ఉంచడం. చల్లటిచోట వారాల తరబడి ఉంచాలి. ఆ ఓపిక పట్టి, తన పేరు తాను పెట్టుకుంటే దాన్ని నకలు అనగలమా?

ఈ ప్రశ్న నన్నే దోషిగా నిలబెట్టింది. పిహెచ్‌డి కోసం నల్లగొండ జిల్లాలో నాట్ల పాటలు సేకరించేటప్పుడు, సినిమా బాణీలో కట్టిన పాటల్ని 'అసలైనవి కావు' అని పక్కన పెట్టాను. పాడినామె ఒక్కమాటే అడిగింది: "నేను కట్టిన పాట నాది గాక ఇంకెవ్వలదైతది బిడ్డా?" నా దగ్గర జవాబు లేదు. అయినా ఆ పాటని వదిలేశాను.

అలాగని కొత్తదంతా మంచిదని కాదు. హాప్స్‌తోపాటే బ్రూస్టర్ల బతుకుతెరువూ పోయింది కదా. అందుకే మనదా, పరాయిదా అన్న ప్రశ్న నాకిప్పుడు చాలడం లేదు. ఎవరు చేశారు, ఎవరి పేరు మీద నిలిచింది, అది వచ్చాక ఎవరు బయటికి నెట్టబడ్డారు అని అడగాలనిపిస్తోంది. నల్లగొండలో ఆ నెట్టేసిన చెయ్యి నాదే.

నా సిద్ధాంత గ్రంథాన్ని ఇప్పుడు పుస్తకంగా తెస్తున్నాను. పాత నోటుబుక్కు మళ్లీ తీశాను. ఆమె పాటని, ఆమె ఒప్పుకుంటే, ఆమె పేరుతోనే చేరుస్తాను.