మా అడవి – మన అడవి: సామూహిక అటవీ స్వామ్యంలోని నైతిక సమస్య

ప్రవేశిక

తెలుగులో ఉత్తమ పురుష బహువచనానికి రెండు రూపాలున్నాయి. ‘మేము’ వినేవారిని మినహాయిస్తుంది. ‘మనము’ వారిని కలుపుకొంటుంది. ద్రావిడ భాషల్లో ప్రాచీనమైన ఈ భేదాన్ని భాషాశాస్త్రజ్ఞులు సర్వనామ చర్చలో వివరిస్తారు. దీనికి నైతిక పార్శ్వం కూడా ఉంది. ఒక ఊరి ప్రజలు తమ పక్కనున్న అడవిని ‘మా అడవి’ అన్నప్పుడు బయటివారి ఎదుట హక్కును ప్రకటిస్తున్నారు. ‘మన అడవి’ అన్నప్పుడు తమలో తాము ఒక బాధ్యతను గుర్తుచేసుకొంటున్నారు. అడవిని సామూహిక స్వామ్యంలోకి తెచ్చుకొనే ప్రయత్నానికి నైతిక ప్రాతిపదిక ఏది, ఆ స్వామ్యానికి హద్దులేవి అనే రెండు ప్రశ్నలను మహారాష్ట్రలోని మెంఢా లేఖా గ్రామాన్ని ప్రధానోదాహరణగా తీసుకొని ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

స్వామ్యానికి మూలం: శ్రమా, సంరక్షణా?

ప్రకృతిలోని వస్తువుకు మనిషి తన శ్రమను జోడించినప్పుడు అది అతనిదవుతుందని 17వ శతాబ్దికి చెందిన ఆంగ్ల తత్త్వవేత్త జాన్ లాక్ ప్రతిపాదించాడు. పొలం విషయంలో ఈ వాదం సులభంగానే ఒప్పిస్తుంది. దున్ని, విత్తి, కలుపు తీసిన రైతుకు పంటపై హక్కు ఉందనడానికి పెద్ద తర్కం అక్కరలేదు. అడవి దగ్గరకు వచ్చేసరికి ఈ వాదం తడబడుతుంది. అడవిని ఎవరూ విత్తలేదు. కంటికి కనిపించే శ్రమనే ప్రమాణంగా తీసుకొంటే చెట్లు కొట్టి నేలను సాగుకు తెచ్చినవాడు యజమాని అవుతాడు. తరతరాలుగా కొట్టకుండా ఆగినవానికి ఏ హక్కూ మిగలదు. నిగ్రహాన్ని శ్రమగా లెక్కించలేకపోవడమే ఈ సిద్ధాంతంలోని లోపం.

వలసపాలనలోని అటవీ చట్టాలు ఈ లోపాన్ని ఆసరా చేసుకొన్నాయి. సాగులో లేని నేలను ప్రభుత్వ స్వామ్యంలోకి తెచ్చి, అందులో ప్రజల వాడుకను అనుమతిగా, రాయితీగా మార్చాయి. మద్రాసు రాజధానిలో 1882 నాటి అటవీ చట్టం ఈ కోవలోనిదే. అడవిలో పశువులను మేపినందుకు చెల్లించవలసిన పుల్లరిపై పల్నాడు తిరగబడింది. 1922లో కన్నెగంటి హనుమంతు పోలీసు కాల్పుల్లో ప్రాణాలు కోల్పోయాడు. పుల్లరి మొత్తం ఎంత అన్నది అక్కడ వివాదంలో ఒక భాగం మాత్రమే. అంతవరకూ వాడుకగా ఉన్నదానికి రుసుము చెల్లించడమంటే ఆ వాడుక తమది కాదని ఒప్పుకోవడమే.

షెడ్యూల్డ్ తెగలు, ఇతర సంప్రదాయ అటవీ నివాసుల అటవీ హక్కుల గుర్తింపు చట్టం, 2006 ఈ తర్కాన్ని సవరించింది. అటవీ నివాసులకు చారిత్రక అన్యాయం జరిగిందని తన పీఠికలోనే అంగీకరించింది. తాము సంప్రదాయికంగా కాపాడుతూ వచ్చిన సామూహిక అటవీ వనరును రక్షించే, పునరుద్ధరించే, నిర్వహించే హక్కును 3(1)(ఐ) సెక్షన్ గుర్తించింది. ఇక్కడ హక్కుకు ఆధారం సంరక్షణ. చట్టం పేరులో ‘ప్రదానం’ అని గాక ‘గుర్తింపు’ అని ఉండటం కూడా గమనించదగినది. లేనిదాన్ని ఇవ్వడం ప్రదానం. ఉన్నదాన్ని ఒప్పుకోవడం గుర్తింపు.

మెంఢా లేఖా అనుభవం

గడ్చిరోలి జిల్లాలోని మెంఢా లేఖా సుమారు నూరు కుటుంబాల గోండు గ్రామం. ఆ గ్రామసభ 2009లో సుమారు 1,800 హెక్టార్ల అడవిపై సామూహిక హక్కు పత్రాన్ని పొందింది. అయితే పత్రం చేతికి రావడంతో వివాదం ముగియలేదు. వెదురును కొట్టి అమ్ముకోవాలంటే దాని రవాణాకు అటవీశాఖ అనుమతి పత్రం కావలసి వచ్చింది. 1927 నాటి భారత అటవీ చట్టం వెదురును చెట్ల జాబితాలో చేర్చగా, 2006 చట్టం దానిని చిన్నతరహా అటవీ ఉత్పత్తిగా నిర్వచించి, అటువంటి ఉత్పత్తులపై అటవీ నివాసులకు స్వామ్యాన్ని గుర్తించింది. వృక్షశాస్త్రం ప్రకారం వెదురు గడ్డి జాతికి చెందినది. అది చెట్టా, గడ్డా అన్న నామకరణ వివాదం ఒక ఊరి జీవనోపాధిని నిర్ణయించే స్థితి ఏర్పడింది. చివరకు 2011 ఏప్రిల్‌లో అప్పటి కేంద్ర పర్యావరణ మంత్రి జైరాం రమేశ్ గ్రామానికి వెళ్లి, రవాణా అనుమతి పుస్తకాన్ని గ్రామసభకే అప్పగించారు.

ఈ ఉదంతం నుంచి ఒక సూత్రం గ్రహించవచ్చు. ఫలసాయంలో వాటా పొందడం, నిర్ణయంలో అధికారం పొందడం భిన్నమైనవి. 1990ల నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఏర్పడిన వన సంరక్షణ సమితులు మొదటిదాన్ని కొంతవరకు ఇచ్చాయి. తుది అధికారం మాత్రం అటవీశాఖ వద్దనే ఉండిపోయింది. 2006 చట్టం వచ్చిన తరువాత కూడా రాష్ట్రంలో కొన్ని సామూహిక హక్కు పత్రాలు గ్రామసభలకు బదులు ఈ సమితుల పేరున జారీ అయ్యాయి. అడవి అదే, కాపాడే మనుషులూ వారే. అయినా పత్రం మీది పేరు మారితే హక్కుదారు స్థానంలో ప్రభుత్వ పథకపు లబ్ధిదారు నిలుస్తాడు.

పదిమందిలో పాము

సామూహిక స్వామ్యంపై ప్రధానమైన ఆక్షేపణను తెలుగు సామెత ఏనాడో చెప్పింది: పదిమందిలో పాము చావదు. అందరిదీ అయిన పని ఎవరిదీ కాకుండా పోతుందని దీని భావం. 1968లో గారెట్ హార్డిన్ ఉమ్మడి వనరుల విషాదం గురించి రాసిన వ్యాసంలో చేసిన వాదం దీనికి దగ్గరగా ఉంటుంది. ఉమ్మడి బీడులో ప్రతి కాపరీ తన లాభం కోసం మరొక పశువును చేర్చుతాడు. నష్టం మాత్రం అందరికీ పంచుతాడు. చివరకు బీడు నశిస్తుంది.

దీనికి ఎలినార్ ఆస్ట్రమ్ 1990లో వెలువడిన తన గ్రంథంలో ఇచ్చిన సమాధానం ప్రసిద్ధం. హార్డిన్ వర్ణించినది కాపలా, కట్టుబాటు లేని నేలను. ఉమ్మడి వనరులు దీర్ఘకాలం నిలిచిన చోట్ల స్పష్టమైన హద్దులు, వాడుకదారులే చేసుకొన్న నియమాలు, పరస్పర పర్యవేక్షణ, తప్పు తీవ్రతను బట్టి పెరిగే శిక్షలు ఉన్నాయని ఆమె చూపింది. ఆ వెలుగులో సామెతను మళ్లీ చదివితే, పాము చావకపోవడానికి కారణం జనం పదిమంది కావడం అనిపించదు. కర్ర ఎవరు పట్టాలో ముందుగా అనుకోకపోవడం అసలు కారణం.

మెంఢా లేఖా ఈ కట్టుబాటును సర్వసమ్మతి మీద నిర్మించుకొంది. అక్కడ నిర్ణయాలకు మెజారిటీ ఓటు సరిపోదు, అందరూ ఒప్పుకోవాలి. ఒక్కరి అభ్యంతరానికీ విలువ ఇచ్చే పద్ధతిగా ఇది ఉన్నతమైనది. అయితే ఇందులో ప్రమాదమూ లేకపోలేదు. పెద్దల సభలో భూమి లేనివారు, స్త్రీలు, యువకులు ఊరుకొంటే ఆ మౌనాన్ని సమ్మతిగా లెక్కించే అవకాశం ఉంటుంది. గ్రామసభకు సగం మంది సభ్యులైనా హాజరు కావాలని, హాజరైనవారిలో కనీసం మూడో వంతు స్త్రీలు ఉండాలని 2012 సవరణ నియమాలు చెప్పడం ఈ దృష్టితో అర్థవంతం. మెంఢా లేఖాలో నిర్ణయంతో ముడిపెట్టకుండా విషయాన్ని చర్చించే అధ్యయన బృందాలున్నాయి. మాట్లాడటం అలవాటైన తరువాత ఇచ్చిన సమ్మతికే నైతిక బలం ఉంటుంది.

‘మా’కు హద్దు, ‘మన’కు హద్దు

సామూహిక స్వామ్యం ఊరిలోపల న్యాయంగా ఉన్నా, పొలిమేర దాటిన చోట అన్యాయం కావచ్చు. హద్దు గీసినప్పుడు పొరుగు ఊరివారు, ఋతువును బట్టి వచ్చే సంచార కాపరులు బయట పడతారు. నల్లమలలో పొడ తూర్పు పశువులను మేపేవారికి అడవి ఏడాదిలో కొన్ని నెలల ఆశ్రయం. ఆ కొన్ని నెలల వాడుక కూడా హక్కే. సంచార, పశుపోషక సమూహాల కాలానుగత వాడుకను 3(1)(డి) సెక్షన్ గుర్తించింది. కనుక ‘మా అడవి’ అన్న మాటకు ఇతరులను పూర్తిగా వెలివేసే అధికారం చట్టరీత్యా లేదు, నైతికంగానూ ఉండరాదు.

అలాగని ‘మన’ అన్న మాట నిర్దోషమైనదని భావించలేము. అడవి దేశ ప్రజలందరిదీ అన్నది ప్రభుత్వం తరచు చేసే వాదం. ఇందులో సత్యం ఉంది. అడవి వల్ల కలిగే వాన, గాలి, నీటి మేలు ఊరి పొలిమేరతో ఆగదు. కాని ఆ విశాలమైన ‘మన’లో నిర్ణయించే గొంతు రాజధానిది, నష్టపోయే బతుకు అడవి అంచున ఉన్నవారిది అయినప్పుడు, అది కలుపుకొనే మాటగా మిగలదు. అటువంటి స్థితిలో అడవి పక్కనున్నవారు ‘మా’ అని పట్టుబట్టడం సంకుచితత్వం అనిపించుకోదు. ఊరిలో మేమే ప్రభుత్వం అని మెంఢా లేఖా వాసులు చేసిన ప్రకటనను ఈ దృష్టితో అర్థం చేసుకోవాలి.

ఈ స్వామ్యానికి మరొక పరిమితి ఉంది. 4(4) సెక్షన్ ప్రకారం ఈ హక్కు వారసత్వంగా సంక్రమిస్తుంది. అన్యాక్రాంతం చేయడానికి వీలులేదు. అమ్ముకోలేని స్వామ్యం స్వామ్యమేనా అన్న ప్రశ్న సహజం. ఇప్పటి తరం రేపటి తరం తరఫున కూడా దీన్ని ధరిస్తున్నదని భావిస్తే ఈ పరిమితి లోపంగా తోచదు. 2013లో మెంఢా లేఖా గ్రామస్థులు తమ సొంత పొలాలను సైతం గ్రామదాన చట్టం కిందికి తేవడానికి నిశ్చయించడం ఈ భావనకు కొనసాగింపు. ఆ చట్టానికి వెనుక ఉన్న ఆలోచన 1951లో నల్లగొండ జిల్లా పోచంపల్లిలో మొదలైన భూదానోద్యమం నుంచి ఎదిగినది. భూదానంలో దాత, గ్రహీత వేరువేరు. గ్రామదానంలో ఇచ్చేదీ పుచ్చుకొనేదీ ఊరే.

ముగింపు

అడవిపై సామూహిక హక్కుకు సంరక్షణే నైతిక మూలం కనుక, ఆ హక్కు నిలవడానికీ సంరక్షణే షరతు. కాపాడటం మానిన సమూహానికి పత్రం మిగలవచ్చు; ‘మాది’ అనడానికి ఉన్న న్యాయం సన్నగిల్లుతుంది. అధికారం ఎదుట హక్కును నిలబెట్టుకోవడానికి సమూహానికి ‘మా’ అవసరం. తమలోని బలహీనుల పట్ల, పొలిమేర అవతలివారి పట్ల, రాబోయే తరాల పట్ల దాన్ని న్యాయంగా వినియోగించడానికి ‘మన’ అవసరం. మొదటి పదాన్ని చట్టం గుర్తించగలదు. రెండో పదం మాత్రం గ్రామసభలో, ప్రతి వెదురుకోత నిర్ణయం దగ్గర, ప్రజలు మళ్లీ మళ్లీ సంపాదించుకోవలసిందే.