స్నేహితుని జ్ఞాపకము

ధ్యానభాగము: 1 సమూయేలు 20, 2 సమూయేలు 9

రాజగృహములోని రహస్యమును బయలుపరచుట ప్రాణాపాయమైన పని. సౌలు దావీదును చంప నిశ్చయించెనని యెరిగిన యోనాతాను మౌనముగా నుండలేదు. తండ్రి తనమీదనే యీటె విసిరినను వెనుదీయక, పొలములో బాణములు వేసి, దాగియున్న స్నేహితునికి పారిపొమ్మని గురుతు తెలిపెను. తనకు రావలసిన సింహాసనముకంటె నిర్దోషి ప్రాణమే అతనికి విలువైనదాయెను.

ఇటీవలి కాలమునను అట్టి స్నేహితుడొకడుండెను. వియత్నాం యుద్ధమునుగూర్చి అమెరికా ప్రభుత్వము దాచియుంచిన సుమారు 7,000 పుటల నివేదికకు డేనియల్ ఎల్స్‌బర్గ్ 1969లో నకళ్లు తీయనారంభించెను. ఏలికలు ప్రజలకు చెప్పినది ఒకటి, తాము ఎరిగినది వేరొకటి అని ఆ పుటలు చూపుచుండెను. ఆ పనిలో ఆంథొనీ రూసో అను మిత్రుడు అతనికి తోడుపడెను. 1971 జూన్ 13న ఆ సంగతులు న్యూయార్క్ టైమ్స్ పత్రికలో వెలువడెను. రహస్య విచారణలో స్నేహితునికి విరోధముగా సాక్ష్యమియ్యనొల్లక రూసో నెలకు పైగా చెరలోనుండెను. పిమ్మట ఇద్దరిమీదను నేరము మోపబడెను. ఎల్స్‌బర్గ్‌కు 115 సంవత్సరముల వరకు శిక్ష పడవచ్చునని యెంచబడెను. ప్రభుత్వపక్షమువారి అక్రమములు బయలుపడగా, 1973 మే 11న న్యాయాధిపతి ఆ వ్యాజ్యెమును కొట్టివేసెను. రూసో 2008లోను, ఎల్స్‌బర్గ్ 2023లోను మరణించిరి. ఎల్స్‌బర్గ్ పేరు లోకమెరుగును. అతనితోకూడ నష్టమునకు సిద్ధపడిన రూసోను తలంచువారు కొద్దిమంది.

దావీదు అట్లు మరువలేదు. యోనాతాను గిల్బోవలో కూలినప్పుడు అతడు విలపించెను. అంతటితో ఊరకుండక, స్నేహితుని కుమారుడైన కుంటి మెఫీబోషెతును వెదకి రప్పించి, నిత్యము తన బల్లయొద్ద భోజనము చేయనిచ్చెను. జ్ఞాపకమనగా ఇదియే.

ప్రతి రహస్యమును చాటుట సత్యము కాదు. కొండెగాని నోటిని లేఖనము గద్దించుచున్నది. తన లాభమునకు పలుకువాడు వేరు, పొరుగువాని ప్రాణముకొరకు పలికి ఆ శిక్షను తానే భరించువాడు వేరు.

ప్రియ చదువరీ, టాటానగర్ స్టేషను చెంత జుగ్సలాయిలో కాపురముండు ఒక తెలుగు కార్మికుని తలంచుము. తోటివారి ప్రాణములకు అపాయము తెచ్చు తప్పుడు లెక్క అతని కంటబడెననుకొనుము. పలికినయెడల జీతము ఆగును, కోర్టు మెట్లు ఎక్కవలసివచ్చును. ఇంటి అద్దె, పిల్లల చదువు అతని నోరు మూయుచున్నవి. పలుకుట న్యాయమని అతడెరుగును, “రేపు నా గడపలో నిలుచువాడెవడు?” అనునదే అతని ప్రశ్న. ఆ ప్రశ్నకు సంఘము నోటితో కాదు, బల్లతో ఉత్తరమియ్యవలెను.

ప్రార్థన: ప్రభువా, సత్యము పలుకువానికి ధైర్యమును, అతని పొరుగువారికి తెరచిన తలుపును దయచేయుము. ఆమేన్.