సగం మనసు

శబ్దం చెవిన పడుతున్నా, రూపం కంటి ఎదుట నిలిచి ఉన్నా, వాసన ముక్కుకు సోకుతున్నా, ఈ జ్ఞానాలన్నీ ఒకే క్షణంలో కలగకపోవడమే మనస్సు అనేది వేరుగా ఉందనడానికి గుర్తు అని గౌతముని న్యాయసూత్రాలు చెబుతాయి. ఈ గుర్తును పట్టుకునే నైయాయికులు, అంటే న్యాయదర్శన పండితులు, మనస్సును అణువు అన్నారు. అంటే అది భాగాలుగా విడదీయడానికి వీలులేనంత సూక్ష్మమైనదనీ, ఒక క్షణంలో ఒకే ఒక ఇంద్రియంతో కూడగలదనీ అర్థం. మీమాంసా దర్శనంలోని భాట్ట శాఖవారు దీన్ని ఒప్పుకోక మనస్సు విభువని, అనగా అంతటా వ్యాపించినదని వాదించారు గాని, 17వ శతాబ్దపు తెలుగు పండితుడు అన్నంభట్టు తన తర్కసంగ్రహంలో అణువాదాన్నే నిలిపాడు. కుడిచేతిలో అన్నం ముద్ద, ఎడమచేతిలో ఫోను ఉండే ఈ కాలంలో ఆ పాత వివాదం ప్రతి ఇంటి వ్యవహారమైంది.

అణువాదానికి ఎదురైన ఆక్షేపణ చక్కనిది. కరకరలాడే పొడవైన శష్కులిని, అంటే జంతిక వంటి పిండివంటను కొరికినవాడికి దాని రూపం, రుచి, వాసన, స్పర్శ, చప్పుడు ఐదూ ఒక్కసారే తెలియడం లేదా? నూరు కలువరేకులను దొంతరగా పేర్చి సూదితో గుచ్చితే అన్నింటికీ ఒక్కసారే చిల్లు పడినట్లు తోచినా, సూది మొన ఒక రేకును దాటిన తర్వాతనే రెండోదాన్ని తాకుతుందనీ, వేగం ఆ క్రమాన్ని మరుగుపరుస్తుందనీ నైయాయికుల సమాధానం. ఏకకాలంలో అనేక పనులు చేయడమని నేడు చెప్పుకునే మల్టీటాస్కింగ్ ఈ కలువరేకుల భ్రమే. 1960ల నాటి కంప్యూటర్ రంగం నుంచి వచ్చిన ఆ మాటకు అక్కడా అర్థం, ఒకే ప్రాసెసరు ఒక పనిని ఆపి మరొకదాన్ని అందుకుంటూ పోవడమే. యంత్రం ఆపిన చోటునుంచే మళ్లీ మొదలుపెడుతుంది. మనిషిలో మాత్రం, అసంపూర్తిగా వదిలిన పని తాలూకు ఆలోచన తర్వాతి పనిలోకి వెంట వస్తుందని పరిశోధకురాలు సోఫీ లెరాయ్ 2009లో ప్రచురించిన అధ్యయనంలో చూపి, దానికి ‘అవధాన శేషం’ అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. ఆఫీసులో లెక్క సరిచూస్తూ మధ్యలో సందేశం చదివినవాడు మళ్లీ అంకెల వైపు తిరిగినా, అతని మనస్సు మాటిమాటికీ ఆ సందేశం దగ్గరికి పోయివస్తూనే ఉంటుంది.

పనిలో ఈ నష్టం తప్పుల రూపంలో బయటపడుతుంది కనుక దిద్దుకోవచ్చు. ఇంట్లో అది బయటపడదు. బడి నుంచి వచ్చిన పిల్ల తాను గీసిన బొమ్మను చూపిస్తుంటే, తండ్రి బొటనవేలితో తెరను పైకి జరుపుతూనే ‘ఊఁ, బాగుంది తల్లీ’ అంటాడు. పిల్ల ఆయన గడ్డం పట్టుకుని ముఖాన్ని తనవైపు తిప్పుకుంటుంది. సగం మనసుతోనైనా విన్నాడు కదా అని లోకం సర్దిచెబుతుంది గాని, భాగాలు లేని మనస్సుకు సగం ఉండదు కనుక ఆ క్షణంలో పిల్లకు దక్కింది శూన్యమే. బృహదారణ్యకోపనిషత్తు కూడా, మనస్సు మరోచోట ఉండటంవల్ల చూడలేదనీ వినలేదనీ మనుషులు చెప్పుకునే మాటను ఆధారం చేసుకుని, చూసేదీ వినేదీ మనస్సుతోనే అని తేలుస్తుంది.

ఎనిమిది మంది పృచ్ఛకులను, అంటే ప్రశ్నలు వేసేవారిని, ఒకే సభలో ఎదుర్కొనే అష్టావధానాన్ని, మనస్సు ఒక క్షణంలో ఒకేచోట ఉంటుందనే మాటకు విరుద్ధమైన సాక్ష్యంగా చూపేవారున్నారు. అది పొరపాటు. అవధాని సమస్య, దత్తపది, నిషిద్ధాక్షరి వంటి అంశాలను వరుసగా అందుకుని, ఆవృత్తికి, అంటే చుట్టుకు, ఒక్కో పాదం చొప్పున పద్యాలను పెంచుకుంటూ పోతాడు. ఏ పృచ్ఛకుడి వైపు తిరిగితే అప్పటికి ఆయన ఒక్కడికే చెందుతాడు. ఏకాగ్రతను చెదరగొట్టడానికే నియమితుడైన అప్రస్తుత ప్రసంగికి సైతం ఆ సభలో ఒక ఆసనం, ఒక హద్దు ఉన్నాయి. ఫోను మోతకు ఇంట్లో అలాంటి హద్దు ఎవరూ గీయలేదు. చివరి అంకమైన ధారణలో అవధాని తాను పూరించిన పద్యాలన్నింటినీ మళ్లీ అప్పజెబుతాడు. తన మనస్సు ప్రతి పాదం దగ్గరా నిజంగా ఉందనడానికి అదే రుజువు. ఆ రాత్రి ఎవరైనా అడిగితే, పిల్ల గీసిన బొమ్మలో ఉన్నది చెట్టో ఇల్లో తండ్రి చెప్పలేడు.