ఎవరి చోటు ఎవరు నిర్ణయించారు?

"ప్రకృతిలో దేని చోటు దానిది. పులి పులే, జింక జింకే. మనుషుల్లో మాత్రం తేడాలుండొద్దంటే ఎట్లా?" కులాన్ని నేరుగా సమర్థించడానికి మొహం చెల్లనివాళ్ళు ఈమధ్య ఈ మాట ఎత్తుకుంటున్నారు. వినడానికి సైన్సులాగే ఉంటుంది, మన పిల్లలు కూడా తడబడుతున్నారు. కాబట్టి ధమ్మ బంధువులారా, ముందు ఆ సైన్సునే కాస్త చూద్దాం.

ఒక జీవి తిండి, నీరు, నీడ దొరికించుకుని బతికే చోటును ఆవాసం అంటారు. మొప్పలున్నాయి కాబట్టి చేప నీళ్ళలో ఉంటుంది. పొడుగు కాళ్ళున్నాయి కాబట్టి కొంగ చెరువు అంచున నిలబడి వేటాడుతుంది. అంటే చోటుకీ ఒంటికీ సంబంధం ఉంది. మరి మాలపల్లె, మాదిగపల్లె ఊరి బయట ఎందుకున్నాయి? అక్కడివాళ్ళ ఒంట్లో ఏ అవయవం వేరుగా ఉంది?

జనాభా అనే మాటకూ జీవశాస్త్రంలో ఒక అర్థముంది. ఒక చోట ఉంటూ, తమలో తాము కలిసి సంతానం కనే ఒకే జాతి జీవులు. పులి, జింక వేర్వేరు జాతులు. మనుషులంతా ఒకే జాతి. వాళ్ళ మధ్య పెళ్ళి గోడలు కట్టింది చెట్టూ పుట్టా కాదు. 1916లో కొలంబియా విశ్వవిద్యాలయంలో చదివిన వ్యాసంలో పాతికేళ్ళ అంబేడ్కర్ కులం గుట్టు పట్టుకున్నది సరిగ్గా ఇక్కడే.

పైగా ప్రకృతిలో చోటు శాశ్వతం కాదు. దున్నకుండా వదిలేసిన చేను చూడండి. మొదట గడ్డి, కలుపు. తర్వాత తంగేడు, రేగు లాంటి పొదలు. గొడ్డలి పడకపోతే వేప, తుమ్మ లేస్తాయి. వాటి నీడకు ఎండ కోరే గడ్డి పలచబడుతుంది. దీన్ని అనుక్రమం అంటారు. బండరాయి మీదైతే మనం మసాలాలో వేసే రాతిపువ్వు బాపతువి ముందు చేరతాయి. రాయిని కొద్దికొద్దిగా కొరికి, చచ్చి, చిటికెడు మట్టి మిగిల్చి పోతాయి. ఆ మట్టిలో నాచు, ఆపైన గడ్డి. ప్రతీత్య సముత్పాదం అర్థం కాలేదనేవాళ్ళకు నేను ఈ బండనే చూపిస్తాను.

ఇక్కడ మనవాళ్ళే కొందరు ఇంకో పక్కకు జారతారు. అంతా అనిత్యమే కదా, బీడు అడవైనట్టు కులం కూడా కాలంతో పోతుంది, తొందరెందుకు అంటారు. ఇది మొదటి మాటకంటే ప్రమాదం, మన ధమ్మం మాటల్లోనే వస్తుంది కాబట్టి. బీడు మారేది కారణాలు కూడినందువల్ల, ఊరికే కాలం గడిచినందువల్ల కాదు. ఏటా దున్నితే నూరేళ్ళైనా చేను చేనుగానే ఉంటుంది. కులాన్నీ ఏటా దున్నుతున్నారు. సంబంధాలు చూసేటప్పుడు, ఇల్లు అద్దెకిచ్చేటప్పుడు, ఆఖరికి శ్మశానంలో. 22 ప్రతిజ్ఞలు చదివిన ఇళ్ళలో కూడా మాల మాదిగల మధ్య పెళ్ళి మాటెత్తితే ఏమవుతుందో మనకు తెలుసు.

మహాడ్‌లో చవదార్ చెరువును అందరికీ తెరుస్తూ పురపాలక సంఘం 1924లోనే తీర్మానం చేసింది. కాగితం మీద తెరుచుకుంది, గట్టు మీద కాదు. పశువులు తాగేవి, పక్షులు దిగేవి, అస్పృశ్యులు మాత్రం తాగకూడదు. 1927 మార్చి 20న బాబాసాహెబ్ వేల మందితో నడిచి వెళ్ళి దోసిలి పట్టారు. తర్వాత సవర్ణులు శుద్ధి పేరుతో పేడ, మూత్రం, పాలు, పెరుగు కలిపి కుండలతో ఆ చెరువులో కుమ్మరించారు. (నీళ్ళు పాడుచేసిందెవరో ఏ ప్రయోగశాలైనా చెప్తుంది.) ఆపైన కోర్టుకెక్కారు. చెరువు మీద అందరికీ హక్కుందని బొంబాయి హైకోర్టు తేల్చింది 1937లో. ఆ పదేళ్ళూ బాబాసాహెబ్ కేసు వదల్లేదు.