ఎంత కాలమునుండి?

(ధ్యానభాగము: మార్కు 9:14–29)



మూర్ఛతో నేలపడి పొర్లాడు చిన్నవానిని అతని తండ్రి ప్రభువు నొద్దకు తెచ్చెను. శిష్యులును శాస్త్రులును అప్పటికి తర్కించుకొనుచుండిరి. ప్రభువు ఇది ఎవరి పాపమని అడుగలేదు. ఎంత కాలమునుండి వచ్చుచున్నదని తండ్రిని అడిగెను.

మన అప్పనపల్లిలో నుదుటను, కనురెప్పమీదను ద్రాక్షారసపు రంగు మచ్చతో బిడ్డ పుట్టినయెడల మనమేమందుము? గ్రహణమునాడు తల్లి బయటికి వచ్చినదందుము. ఆ బిడ్డకు ఫిట్సు వచ్చినయెడల, పెద్దల పాపమందుము. అప్పుడా తల్లి బిడ్డ ముఖమును కొంగుతో కప్పి మందిరములో వెనుక కూర్చుండును.

అట్టి మచ్చగల బిడ్డలలో కొందరికి మెదడు పైపొరలోని సన్నని రక్తనాళములు కూడ సరిగా ఏర్పడవు. అక్కడ రక్తము చక్కగా పారనందున మెదడు దెబ్బతిని ఫిట్సు వచ్చును. తరచుగా మొదటి సంవత్సరమందే, ఒక ప్రక్క కాలుసేతులు కొట్టుకొనును. కంటిలో ఒత్తిడి పెరిగి చూపుకును హాని కలుగవచ్చును. 1879లో ఈ వ్యాధిని వివరించిన స్టర్జి పేరును, తరువాత 1922లో దానిని పరిశీలించిన వెబర్ పేరును కలిపి దీనిని స్టర్జి–వెబర్ వ్యాధి యందురు. 2013లో దీని కారణము తెలిసినది: గర్భములో పిండము పెరుగుచుండగా ఒక కణమందలి జన్యువు మారుటయే. అది తలిదండ్రులనుండి వచ్చినది కాదు, గ్రహణమువలన కలిగినదియు కాదు. పుట్టుగ్రుడ్డివానిగూర్చి ప్రభువు చెప్పినదియు ఇదియే గదా: వాడును పాపము చేయలేదు, వాని కన్నవారును చేయలేదు.

మార్కు చెప్పిన చిన్నవానికి దురాత్మ పట్టినమాట నిజమే. అయినను మత్తయి 4:24 దయ్యము పట్టినవారిని, చాంద్రరోగులను వేరువేరుగా పేర్కొనుచున్నది. కాబట్టి మూర్ఛవచ్చు ప్రతి బిడ్డను దయ్యము పట్టినదనకుడి.

మూర్ఛ వచ్చినప్పుడు బిడ్డను ప్రక్కకు త్రిప్పి పరుండబెట్టుడి. నోటిలో ఏమియు పెట్టకుడి. తాళపుచెవులు చేతిలో పెట్టినందువలన ప్రయోజనము లేదు. అయిదు నిమిషములు దాటినయెడల వెంటనే ఆసుపత్రికి కొనిపోవుడి. ప్రార్థన చేసితిమి గనుక మాత్రలు మానుమని ఎవరును చెప్పకూడదు. హఠాత్తుగా మానుట ప్రాణాపాయము. లూకాయు వైద్యుడే గదా. మాత్ర వేయుచునే ప్రార్థింపుడి.

అట్టి తల్లి మన మందిరమునకు వచ్చినప్పుడు ఆమెను ముందు వరుసకు పిలువుడి. “ఎంత కాలమునుండి, అమ్మా?” అని అడుగుడి. బస్సు చార్జీలకు తలా కొంత వేసి, కాకినాడ పెద్దాసుపత్రికి తోడు వెళ్లుడి. ప్రభువు ఆ చిన్నవాని చెయ్యి పట్టి లేవనెత్తెను; నేడు ఆయన చాపు చెయ్యి మనదై యుండును గాక. ఆమేన్.