వ్యాధి, వైద్యము, వ్యాజ్యము



ఇంట్లో ఒకరు జబ్బుపడి, ఆసుపత్రిలో చేరి, అనుకున్నట్లు నయము కాకపోతే మన నోట వచ్చే మొదటి ప్రశ్న ఏది? "ఇప్పుడు వీరికి ఏమి కావాలి?" అని అడిగేవారు కొందరే. "ఇది ఎవరి తప్పు?" అని అడిగేవారే ఎక్కువ. పూర్వము ఈ ప్రశ్న ఇంటి అరుగు మీదనే ఆగిపోయేది. ఈనాడు అది వకీలు గుమ్మము దాకా పోతున్నది. కొన్నిచోట్ల ఆసుపత్రి అద్దములు పగులగొట్టి, రాత్రి డ్యూటీలో ఉన్న చిన్న డాక్టరును కొట్టే దాకా పోతున్నది. చేయి చేసుకొనుట తప్పని వేరుగా చెప్పనక్కరలేదు. అయితే వ్యాజ్యము సంగతి ఏమిటి? వైద్యునిపై దావా వేయుట న్యాయమేనా? వేస్తే ఎప్పుడు? దానికి ముందు మనము రోగికి ఏమి బాకీపడి ఉన్నాము? ఈ సంగతి మనమందరము కూర్చుని ఆలోచించవలసినది.

మనలో కొందరు ఒక్క మాటతో జవాబు తేల్చేస్తారు. విశ్వాసి కోర్టుకెక్కరాదని, మొదటి కొరింథీ పత్రిక 6వ అధ్యాయము చూపిస్తారు. అక్కడ పౌలు మందలించినది సహోదరుడు సహోదరునిపై వ్యాజ్యమాడుటను. అదే పౌలు తనకు అన్యాయము జరగనున్నదని తెలిసినప్పుడు కైసరు ఎదుట చెప్పుకొంటానన్నాడు. అపొస్తలుల కార్యముల 25వ అధ్యాయములో ఆ సంగతి ఉన్నది. కాబట్టి న్యాయస్థానము మెట్లెక్కుటే పాపమని మేము చెప్పలేము. ఏ కారణము చేత, ఏ మనస్సుతో ఎక్కుతున్నామన్నదే ప్రశ్న.

పళవేర్కాడు వాసులకు ఒక పోలిక సులభముగా అర్థమవుతుంది. మన పెద్దలు ప్రళయకావేరి అని పిలిచిన ఆ సరస్సు సముద్రములో కలిసే ముఖద్వారము దగ్గర ఇసుకమేట ఒకచోట నిలువదు. ఒక ఏడు పడవలు పోయిన దారి మరుసటి ఏడు పూడిపోతుంది. ఎంత అనుభవమున్న జాలరియైనా నీటి రంగు, అల విరిగే తీరు చూచి అంచనా వేస్తాడే గాని ఒట్టు పెట్టి చెప్పలేడు. అక్కడ పడవ ఇసుకలో తగులుకొంటే పడవ నడిపినవానిని ఎవరూ దోషి అనరు. అయితే 2011 డిసెంబరు 25న, క్రిస్మసు దినమున, ఇదే సరస్సులో విహారమునకు పోయిన పడవ బోల్తాపడి 20 మందికి పైగా మరణించారు. పడవలో పట్టవలసిన వారికంటె ఎక్కువమందిని ఎక్కించారు. అక్కడ నీళ్లను నిందించి ఊరుకోలేము. నీళ్ల చంచలత్వము ఒకటి, మనుష్యుని అజాగ్రత్త మరొకటి. రెండూ ఒకే ప్రమాదములో కలిసి ఉండవచ్చును గాని రెండూ ఒకటి కావు.

వైద్యము కూడా అట్టిదే. మూడు దినముల జ్వరము డెంగీ కావచ్చును, టైఫాయిడు కావచ్చును, మరేదైనా కావచ్చును. మొదటి దినమున వాటి ముఖములు ఒకే తీరుగా ఉంటాయి. డెంగీలోనైతే జ్వరము దిగి ఇంటివారు ఊపిరి పీల్చుకొనే వేళనే ప్రమాదము మొదలుకావచ్చును. "ముందే ఎందుకు చెప్పలేదు?" అని తరువాత అడుగుట తేలిక. సంగతి జరిగిపోయిన తరువాత చూచేవానికి దారి తిన్నగా కనబడుతుంది. ముందు నిలిచి చూచినవానికి పది దారులు కనబడ్డాయి.

ఉపాధ్యాయ శిక్షణలో లెక్కల పేపరు దిద్దుట గురించి మాకు నేర్పిన పాఠమొకటి ఇక్కడ పనికివస్తుంది. జవాబు మాత్రమే చూడవద్దు, చేసిన వరుస చూడుమన్నారు. వరుస సరిగా ఉండి చివర జవాబు తప్పినవానికి కూడా మార్కులున్నాయి. మన సుప్రీంకోర్టు 2005లో జేకబ్ మాథ్యూ కేసులో చెప్పినది దీనికి దగ్గరగానే ఉన్నది. చికిత్స ఫలించలేదు గనుక వైద్యుడు నిర్లక్ష్యము చేశాడని అనరాదు. సాధారణ నైపుణ్యము గల వైద్యుడు ఆ స్థితిలో చూపవలసిన జాగ్రత్త చూపాడా అన్నదే చూడవలెను. క్రిమినలు కేసు పెట్టవలెనంటే నిర్లక్ష్యము చాలా ఘోరమైనదై ఉండవలెను. మరొక సమర్థుడైన వైద్యుని అభిప్రాయము లేకుండ అట్టి ప్రైవేటు ఫిర్యాదు స్వీకరింపరాదు అని ఆ తీర్పు సారాంశము.

అయితే ఇదంతా విని, "బీదవారు ఓర్చుకోవలెను, పెద్ద ఆసుపత్రులు తప్పించుకోవలెను, అంతేగదా" అని ఎవరైనా అడిగితే ఆ మాటలో న్యాయమున్నది. మన తెలుగువారి కేసే చూడండి. 1990లో హైదరాబాదు నిజాం వైద్య విజ్ఞాన సంస్థలో ఇరవై ఏళ్ల ఇంజనీరింగు విద్యార్థికి ఛాతీలోని గడ్డకు ఆపరేషను జరిగింది. వెన్నుపాము దగ్గర వ్యవహారమైనను నరముల శస్త్రవైద్యుని చేర్చుకోలేదు. పరీక్ష కోసమని సమ్మతి తీసుకొని గడ్డనే తీశారు. ఆ యువకుని నడుము క్రింది భాగము చచ్చుబడిపోయింది. జాతీయ వినియోగదారుల కమిషను 1999లో 15.5 లక్షలు ఇమ్మన్నది. 2009లో సుప్రీంకోర్టు దానిని కోటి రూపాయలకు పెంచి, వడ్డీ కూడా ఇప్పించింది. అతడు చక్రముల కుర్చీలో కూర్చుని తన కేసు తానే వాదించుకొన్నాడు. అతనిని ఓర్చుకొమ్మని చెప్పే హక్కు ఎవరికి ఉన్నది? అతడు మౌనముగా ఉండిపోతే తరువాత అదే బల్ల మీద పండుకొనే రోగికి ఏమి మేలు? క్షమించుటయు, జరిగినది దాచిపెట్టుటయు ఒకటి కావని మా అభిప్రాయము.

అదే కేసులో మరొక సంగతి గమనించండి. ఆపరేషనుకు, చివరి తీర్పుకు నడుమ 19 సంవత్సరములు గడిచాయి. కోర్టు ఆ కోటిలో నర్సుకు ఇంత, సహాయకునికి ఇంత, ఫిజియోథెరపీకి ఇంత అని లెక్కగట్టింది. ఆ తీర్పు వచ్చే దాకా అతనిని లేవనెత్తినది, ప్రక్క మార్చినది, బయటికి తీసుకొనిపోయినది ఇంటివారి చేతులే గదా! న్యాయస్థానము సేవకు వెల కట్టగలదు గాని సేవ చేయలేదు.

ఇక్కడ మన ఇండ్లలో జరిగే మరొక విచారణ గురించి చెప్పక తప్పదు. ఏ వకీలు లేకుండ, ఏ సాక్ష్యము లేకుండ, ఆసుపత్రి వరండాలోనే తీర్పు చెప్పేస్తాము. "కోడలు ఆలస్యముగా తీసుకొచ్చింది." "పెద్దవాడు డబ్బుకు వెనుకాడాడు." రోగిని కూడా విడిచిపెట్టము: "నీ విశ్వాసము చాలలేదు." యోబు స్నేహితులు ఏడు దినములు నేల మీద అతనితో కూర్చుని నోరు మెదపలేదు. అంతవరకు వారు మంచి స్నేహితులే. తప్పు ఎవరిదని వెదకుటకు నోరు తెరచినప్పటి నుండి వారు భారమైపోయారు. రాత్రి పగలు మంచము ప్రక్కన కూర్చున్న ఆ కోడలి మీద పడిన నింద ఏ కోర్టులోనూ అప్పీలుకు పోదు. ఆమె జీవితాంతము మోస్తుంది.

దూరదేశములలో, దూరపు ఊళ్లలో స్థిరపడిన మన పిల్లలకు కూడా ఒక మాట. 1991లో ఒక వైద్య పత్రికలో వచ్చిన వ్యాసము "కాలిఫోర్నియా కూతురు" అనే పేరును ప్రచారములోనికి తెచ్చింది. చాలకాలము తరువాత విమానము దిగి, అన్నీ చేయించవలెనని, ఎవరూ సరిగా చూడలేదని డాక్టర్లతో పోట్లాడే బంధువుకు ఆ పేరు. కాలిఫోర్నియాలోనైతే అదే మనిషిని "న్యూయార్కు కూతురు" అంటారట! నవ్వు వచ్చినను అందులో దుఃఖమున్నది. దూరముగా ఉండిపోయామన్న బాధ కోపముగా మారి, దొరికినవారి మీద పడుతుంది. ఆ బాధకు వ్యాజ్యము మందు కాదు. గెలిచినా తగ్గదు.

వ్యాజ్య భయము అధికమైతే నష్టము మళ్లీ బీదవారికే. రేపు ఎవరైనా అడుగుతారని వైద్యుడు అవసరము లేని స్కానులు వ్రాస్తాడు. కష్టమైన రోగిని "మదరాసు తీసుకొనిపొండి" అని పంపివేస్తాడు. పొన్నేరి మీదుగా పోయే ఆ దారిలో గడిచే గంటల ఖరీదు ఎవరిది? పైగా, 1995లో సుప్రీంకోర్టు వైద్యసేవను వినియోగదారుల చట్టము క్రిందికి తెచ్చినప్పుడు, అందరికీ పూర్తిగా ఉచితముగా చూచే ఆసుపత్రులను బయటనే ఉంచింది. వలలు, రొయ్యలు అమ్ముకొని బ్రతికి ధర్మాసుపత్రికి పోయేవానికి ఆ ద్వారము సామాన్యముగా తెరచి లేదు. వానికి అన్నిటికంటె ముందు కావలసినది ప్రక్కన నిలిచి, అడుగవలసినది అడిగే మనిషి.

అడుగుటకు మనకు భాష అడ్డము. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి తాలూకా మద్రాసు రాష్ట్రములో కలిసిన నాటి నుండి ఇంట్లో తెలుగు, కాగితములో అరవము లేక ఇంగ్లీషు. ఆపరేషనుకు ముందు ఇచ్చే సమ్మతి పత్రము మీద ఏమున్నదో తెలియక వ్రేలిముద్ర వేసిన తల్లులు ఎందరు? చికిత్స ఏమిటి, దేనికి, మేలెంత, అపాయమెంత, వేరే దారి ఉన్నదా అన్నవి రోగికి తెలిపి తీసుకొన్నదే నిజమైన సమ్మతి అని 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఇవి ముందుగా అడిగి తెలుసుకొన్న ఇంటివారికి, ఫలితము చెడినను, మోసపోయామన్న భావము తక్కువ. వైద్యులకు కూడా ఇదే మనవి. తెలియనిది తెలియదని చెప్పండి. పొరపాటు జరిగితే కప్పిపుచ్చవద్దు. అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయ ఆసుపత్రులు 2001 నుండి తమ పొరపాట్లు తామే ఒప్పుకొని పరిహారము ఇచ్చే పద్ధతి పెట్టగా, వ్యాజ్యములు పెరగలేదు, తగ్గాయి.

కాబట్టి మా సలహా ఇది. ప్రాణముతో ఉన్న రోగి ముందు, కాగితములు తరువాత, కోర్టు చివర. ప్రతి సంఘములో అరవము, ఇంగ్లీషు చదువగల ఇద్దరు ముగ్గురు పేర్లు వ్రాసి ఉంచండి; ఎవరు ఆసుపత్రిలో చేరినా వారిలో ఒకరు వెంట పోయి, సంతకమునకు ముందు తెలుగులో చదివి వినిపించవలెను. రాత్రి కాపలాకు వంతులు వేసుకొనండి. అనుమానమున్నదా, రికార్డులు అడగండి; 2002 నాటి వైద్య మండలి నియమముల ప్రకారము అడిగిన 72 గంటలలో ఇవ్వవలెను. వాటిని వేరొక వైద్యునికి చూపండి. వినియోగదారుల కమిషనులో ఫిర్యాదుకు రెండు సంవత్సరముల గడువున్నది. కాబట్టి సమాధి దగ్గర మట్టి ఆరకముందే తేల్చుకోవలసిన తొందర లేదు. ఆ తరువాత కూడా అజాగ్రత్తయే కనబడితే, తరువాతి రోగి కొరకు, బ్రతికి ఉన్నవారి పోషణ కొరకు, నిర్భయముగా అడగండి. సంఘము మీ వెంట రావలెను.

ఈ వారము మీ సంఘములో మంచము పట్టినవారు ఎవరో ఉంటారు. వారి ఇంటికి వెళ్లినప్పుడు ఎందుకు ఇలా అయ్యిందని అడగవద్దు. ఈ రాత్రి ఎవరు కూర్చుంటున్నారని అడగండి.