ఫస్టుకీ సెకండుకీ నడుమ

అమ్మలూ,

కారు అమ్మేసి ఆటోమేటిక్ కొంటానని పట్టుబట్టావట. మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. ఐకియా దగ్గర్నుంచి సైబర్ టవర్స్ చేరేలోపు బండి కుదిపి కుదిపి వదులుతోందనీ, నీతో వచ్చే అమ్మాయి రెండ్రోజులు ఓర్చుకుని మూడో రోజు నుంచి మెట్రో ఎక్కుతోందనీ కూడా చెప్పింది. నీ డబ్బు, నీ కారు. అమ్ముకుంటే కాదనేవాళ్ళెవరూ లేరు. కాకపోతే ఆ కుదుపు ఎక్కడ పుడుతోందో తెలుసుకుని అమ్ము. ఆర్టీసీ గ్యారేజీలో గ్రీజు చేతులతో బతికిన మామయ్యని కదా, ఈ ఒక్క విషయంలో నా మాట వినమని అడిగే హక్కు నాకుందనుకుంటాను.

ముందు ఆటోమేటిక్ సంగతి. తక్కువ ధరలో దొరికేవి చాలావరకు ఏఎంటీలే. 2014లో మారుతీ సెలెరియోతో మన దగ్గర మొదలైన పద్ధతి అది. అందులో గేర్‌బాక్స్ మామూలుదే, క్లచ్ ప్లేటూ మామూలుదే. నీ ఎడమకాలు చేసే పనిని ఒక యంత్రం చేస్తుంది, అంతే తేడా. ఆ యంత్రం కూడా ఫస్టు నుంచి సెకండుకి మారేటప్పుడు మనిషి తల ఒకసారి ముందుకు ఊపి గానీ వదలదు. ఖరీదైన వాటి సంగతి వేరు, వాటి ఈఎంఐల సంగతీ వేరు.

ఇక కుదుపు. లెక్క చెప్తాను, నీకు లెక్కలంటే ఇష్టమేగా. నీ కారు లాంటి చిన్న పెట్రోల్ బండి ఫస్టులో, యాక్సిలరేటర్ ముట్టుకోకుండా వదిలేస్తే గంటకు 6 కిలోమీటర్ల దరిదాపుల్లో పాకుతుంది. సెకండులో అయితే 11. ఇప్పుడు నువ్వు సెకండులో 20 మీద వెళ్తున్నావనుకో, ఇంజన్ నిమిషానికి సుమారు 1,450 చుట్లు తిరుగుతూ ఉంటుంది. ముందు బండి బ్రేకు లైటు చూసి కంగారుపడి అదే వేగంలో ఫస్టుకి లాగావు. ఇప్పుడు ఇంజన్ 2,700 దాకా తిరగాలి. క్షణం కింద 1,450లో ఉన్నది క్షణంలో 2,700కి ఎలా వస్తుంది? నువ్వు రేస్ ఇచ్చి తేవాలి. ఇవ్వలేదా, చక్రాలే దాన్ని మెడపట్టి లాక్కొస్తాయి. ఆ లాగుడికే మీ స్నేహితురాలు డాష్‌బోర్డు మీదికి వంగింది.

ఫస్టుకీ సెకండుకీ మధ్య ఉన్నంత ఎడం ఇంకే రెండు గేర్ల మధ్యా ఉండదు. ఫోర్త్ నుంచి ఫిఫ్త్‌కి వెళ్తే ఇంజన్ వేగం ఏ ఐదోవంతో తగ్గుతుంది. ఫస్టు నుంచి సెకండుకి దాదాపు సగానికి పడిపోతుంది. ఔటర్ రింగ్ రోడ్డు మీద చక్కగా నడిపే నువ్వు మైండ్‌స్పేస్ దగ్గర కంగారుపడటానికి కారణం ఇదే. పై గేర్లు నీ కాలి తొందరని కడుపులో దాచుకుంటాయి. కింది గేర్లు దాన్ని పదిమందిలో బయటపెడతాయి.

"గేరు మెత్తగానే పడుతోంది మామయ్యా, అయినా జర్కు వస్తోంది" అన్నావట. రెండూ వేరు తల్లీ. 1932లో నిజాం రైల్వే వాళ్ళు 27 బస్సులతో హైదరాబాదులో సర్వీసు మొదలుపెట్టిన రోజుల్లో బస్సుల గేర్‌బాక్సుల్లో సింక్రోనైజర్లు లేవు. డ్రైవరు క్లచ్ తొక్కి న్యూట్రల్‌కి తెచ్చి, క్లచ్ వదిలి, చెవితో విని కొలతగా రేస్ ఇచ్చి, మళ్ళీ క్లచ్ తొక్కి కింది గేరు వేసేవాడు. డబుల్ క్లచ్ అంటే అదే. కొలత తప్పితే బస్సంతా వినపడేలా గేరు అరిచేది. ఇప్పుడు నీ గేర్‌బాక్సులో ఆ పని చేయడానికి చిన్న ఇత్తడి రింగులున్నాయి. లోపలి పళ్ళ వేగాలు కలిసేదాకా అవి గేరుని ఆపి, కలిశాక దారి ఇస్తాయి. కానీ ఆ రింగు పని గేరు పడేవరకే. ఆ తర్వాత ఇంజన్‌ని చక్రాలతో కలిపే పని పూర్తిగా నీ ఎడమకాలిదే. కొత్తగా నేర్చుకున్నవాళ్ళు గేరు పడగానే పని అయిపోయిందనుకుని కాలు టక్కున ఎత్తేస్తారు. అసలు పని అక్కడే మొదలవుతుంది.

అందుకని ఇలా చెయ్యి. ఫస్టు నుంచి సెకండుకి వెళ్ళేటప్పుడు న్యూట్రల్ దగ్గర ఒక్క లిప్త ఆగు. 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్-6 బండ్లలో చాలావాటికి, కాలు తీసిన వెంటనే ఇంజన్ వేగం దిగదు. పొగ తగ్గించడం కోసం దాన్ని మెల్లగా దిగేలా అమర్చారు. అది దిగకముందే క్లచ్ వదిలితే బండి ముందుకు తోస్తుంది. ఇంజన్ చుట్లు చూపే మీటరులో ముల్లు కిందికి రావడం ఓ నాలుగుసార్లు కళ్ళతో చూస్తే చాలు, తర్వాత చెవికే తెలిసిపోతుంది. ఆ పైన క్లచ్‌ని పట్టు తగిలేదాకా గబగబా రానిచ్చి, పట్టు దగ్గర కాస్త నిలిపి, అప్పుడు పూర్తిగా వదులు. మొత్తం నెమ్మదిగా వదలమని కాదు, అలా వదిలితే ప్లేటు అరుగుతుంది. పట్టు తగిలే ఆ కొద్ది మేర మాత్రమే నెమ్మది.

సెకండు నుంచి ఫస్టుకి దిగడం అయితే వీలైనంత మానెయ్యి. బండి నడిచే మనిషి వేగానికి వచ్చేదాకా సెకండు చాలు. వేగం అంతకంటే ఎక్కువ ఉండగా ఫస్టు కోసం లివర్ మీద బలం చూపించకు. దిగక తప్పదనుకుంటే క్లచ్ వదిలే ముందు రేస్ కొంచెం, బొటనవేలు ఆనించినంత. డీజిల్ కారు తోలే మీ అన్నయ్య "సెకండులోనే పాకించొచ్చు" అంటాడు. వాడి ఇంజన్‌కి అడుగున బలం ఎక్కువ, వాడి మాట వాడికి చెల్లుతుంది. నీది చిన్న పెట్రోల్, నీకు చెల్లదు.

ఇంకో రకం కుదుపుంది. అది గేరు మార్చకుండానే వస్తుంది. సాయంత్రం ఆరున్నరకి రాయదుర్గం మెట్రో కింద ఫస్టులో పాకుతూ యాక్సిలరేటర్ కొంచెం నొక్కడం, తీసేయడం, మళ్ళీ నొక్కడం చేస్తుంటావు చూడు, అప్పుడు. గేరులో ఉండగా కాలు పూర్తిగా తీస్తే ఇప్పటి ఇంజన్లు పెట్రోలు ఆపేస్తాయి. వేగం బాగా పడ్డాక మళ్ళీ ఇస్తాయి. ఆపినప్పుడు ఒక తూగు, ఇచ్చినప్పుడు ఒక తోపు. దానికి నీ కాలు అదిరి యాక్సిలరేటర్ మీద ఇంకాస్త ఊగుతుంది, బండి ఇంకా ఊగుతుంది. అలా మొదలైతే రేస్‌తో సర్దాలని చూడకు, క్లచ్ కొంచెం తొక్కు, చప్పున చల్లబడుతుంది. అసలు ఆ పాకుడులో కుడికాలితో పని లేదు. ఫస్టులో క్లచ్ పూర్తిగా వదిలి, ముందు బండికీ నీకూ మధ్య ఒకటిన్నర కారు ఖాళీ ఉంచి, దాని మానాన దాన్ని పాకనియ్యి. ఆ ఖాళీలోకి ఒక ఆటో దూరుతుంది, వెనకాలే రెండు బైకులు దూరుతాయి. దూరనియ్యి. వాళ్ళ వల్ల ఇంటికి చేరడం రెండు నిమిషాలు ఆలస్యమైతే అయింది. వెనక హారన్ కొట్టేవాడి కోసం కాలు ఎత్తెయ్యకు, నీ క్లచ్ ప్లేటుకి వాడేమీ డబ్బులివ్వడు.

1998లో సైబర్ టవర్స్ తెరిచినప్పుడు చుట్టూ రాళ్ళగుట్టలే. ఆ గుట్టలు సగం పగలగొట్టారు, సగం మీద రోడ్లు వేశారు. అందుకే మీ వైపు ఎటు తిరిగినా ఎక్కుడో దిగుడో తగులుతుంది. మైండ్‌స్పేస్ అండర్‌పాస్ నుంచి పైకెక్కుతూ మధ్యలో ఆగావంటే హాఫ్ క్లచ్ మీద బండిని నిలబెట్టకు. హ్యాండ్ బ్రేకు వెయ్యి. కదలాల్సినప్పుడు క్లచ్‌ని పట్టు దాకా తెచ్చి, ముందు భాగం కొంచెం పైకి లేచినట్టు అనిపించగానే రేస్ ఇస్తూ బ్రేకు దించు. మీ ఆఫీసు బేస్‌మెంట్ ర్యాంపుకీ ఇదే మందు. ప్లేటు కాలిన వాసన వచ్చిందంటే ఆ రోజు చాలు, పక్కకి ఆపి చల్లారనియ్యి. ఆదివారం పొద్దున్నే ఆ రోడ్లన్నీ ఖాళీగా ఉంటాయి. కేబుల్ బ్రిడ్జి మీద సెల్ఫీలు దిగేవాళ్ళు లేచేలోపు వెళ్ళి, సమతలం చూసుకుని, యాక్సిలరేటర్ అసలు ముట్టకుండా ఒట్టి క్లచ్‌తో బండి కదిలించడం నేర్చుకో. అది వచ్చిందంటే మిగతా సగం వచ్చినట్టే.

చెప్పులు, సీటు సంగతి ఎవరూ నీకు చెప్పి ఉండరు. లావు అడుగున్న షూస్‌తో పట్టు ఎక్కడ తగులుతోందో పాదానికి తెలియదు, పల్చటివి ఒక జత కారులో పడెయ్యి. సీటు ఎంత ముందుకుండాలంటే, క్లచ్ పూర్తిగా తొక్కినప్పుడు కూడా మోకాలు కొంచెం వంగే ఉండాలి. కాలు చాపి అందుకుంటే క్లచ్ అడుగు దాకా దిగదు. అది దిగకపోతే గేరు గరగరమంటుంది, నువ్వు గేర్‌బాక్సుని తిడతావు. ఆ మందపాటి రబ్బరు మ్యాట్ కూడా ఒకసారి చూసుకో, జారి పెడల్ కింద ముడుచుకుంటుంది. గేర్లు పాడయ్యాయని గ్యారేజీకి వచ్చిన బండి మ్యాట్ తీస్తే బాగుపడటం నా కళ్ళతో చూశాను.

ఇవన్నీ చేశాక కూడా కుదుపు పోకపోతే అప్పుడు బండిని అనుమానించు. దానికీ ఒక పద్ధతుంది. బేస్‌మెంట్‌లో ఇంజన్ ఆపి, క్లచ్ తొక్కి, గేర్లన్నీ వేసి చూడు. ఇంజన్ ఆగి ఉంటే మెత్తగా పడి, నడుస్తుంటే మొండికేస్తే క్లచ్ పూర్తిగా విడవడం లేదని అర్థం. కేబుల్ సర్దడమో, ఆయిల్‌తో పనిచేసే రకమైతే ఆ ఆయిల్‌లో గాలి చేరిందేమో చూడటమో చేయాలి. చాలాసార్లు చిన్న పనితో పోతుంది. ఇంజన్ ఆగి ఉన్నా మొండికేస్తే గేరు లివర్ కేబుళ్ళ దగ్గరో, లోపలో తేడా ఉంది. ఫస్టులోనూ రివర్సులోనూ కదిలేటప్పుడు బండంతా వణికితే క్లచ్ ప్లేటు మీద అనుమానం. రేస్ ఇచ్చినా తీసినా ముందు నుంచి ధబ్‌మంటే ఇంజన్ మౌంటింగ్ రబ్బరు. న్యూట్రల్‌లో నిలబెట్టినప్పుడే ముల్లు పైకీ కిందికీ ఊగుతుంటే థ్రాటిల్ శుభ్రం చేయించు. ఒక్క సెకండులోకే గేరు గరగరమంటుంటే నేనన్న ఇత్తడి రింగు అరిగి ఉంటుంది, అది మాత్రం పెద్ద ఖర్చే.

నిన్న ఎవరో మెకానిక్ బానెట్ కూడా తెరవకుండా "మొత్తం క్లచ్ సెట్ మార్చాలి మేడమ్" అన్నాడట. ఏ అరుగుదల చూసి అన్నాడో అడుగు. మూడో గేరులో, సమతలం మీద, 40లో వెళ్తూ యాక్సిలరేటర్ గట్టిగా నొక్కు. ముల్లు లేచి వేగం లేవకపోతే ప్లేటు జారుతోంది, వాడు చెప్పింది నిజమే. రెండూ కలిసి లేస్తే ప్లేటులో పట్టు ఇంకా ఉంది, కేబుల్, మౌంటింగ్ చూడమను. ఒకవేళ మార్చాల్సే వస్తే ప్లేటు, ప్రెజర్ ప్లేటు, రిలీజ్ బేరింగ్ మూడూ కలిపి మార్చడమే నయం, గేర్‌బాక్సు దించే కూలి మళ్ళీ మళ్ళీ ఇవ్వక్కర్లేదు. కానీ పని అయ్యాక పాత ప్లేటు తెచ్చి నీ చేతిలో పెట్టమను. దాని మీది రివెట్ల తలలు పైకి తేలాయో లేదో వేలుతో తడిమి చూసి, ఆ తర్వాతే డబ్బులియ్యి.

మీ మామయ్య